కాలందే చోటు

'లో' అక్షరం దగ్గర ఆగిపోయాను నిన్న.
'లోతైన' పది నిమిషాల్లో అయిపోయింది.
బావి, గాయం, ఆలోచన, నిద్ర,
ఉదాహరణలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి.
దాని ఎదుటివాడికే
మన భాషలో సొంత పేరు లేదు.
లోతులేని, లోతు తక్కువ, లోతు చాలని...
ఎప్పుడూ పక్కింటాయన పేరుతోనే పిలుపు,
అదీ ఏదో బాకీ పడ్డట్టు.

పల్చన అందామా, అది మజ్జిగది.
పైపైన అంటే దులిపితే పోయే దుమ్ము.
డొల్ల అంటే ఎలక కొట్టిన కొబ్బరికాయ.
నిస్సారం సంగతి పుంత పక్క మా మడిచెక్కకి తెలుసు.
పాత నిఘంటువులో అగాధానికి వెనక
గాధం అని ఒకటి దాక్కుని ఉంది,
ఎవరూ వాడక తుప్పు పట్టిన తాళంచెవి.
తీసి చూసి
మళ్ళీ అక్కడే పెట్టాను.

కింద వాడుక రాయాలిగా.
'మా తోడల్లుడు వీర్రాఘవులు లోతులేని మనిషి.'
పేరు కొట్టేసి 'అతడు' అని మార్చాను.
నిఘంటువుకి పక్షపాతం ఉండకూడదు.

పొద్దున్నే కోటిపల్లి రేవు. ముక్తేశ్వరంలో పని.
చైత్రం. గోదారి సగం ఇసక, సగం ఎండ.
పంటు నడిమధ్యలో మేటకెక్కి కూర్చుంది.
పెమ్మాడి దానయ్య గడ దించి
"నేల" అన్నాడు.
రెండడుగులు జరిగి మళ్ళీ దించి
"నేలే" అన్నాడు.
"ఎంత లోతంటావ్?" జేబులోంచి కాగితం తీశాను.
"లోతేటండి బాబూ, కాలందుద్ది. దిగిపోండి."

దిగాం.
గ్యాసు బండ భుజానికెత్తుకున్న కుర్రాడు,
బూట్లు రెండూ లేసులు కలిపి మెళ్ళో వేసుకున్న బ్యాంకు మేనేజరు,
మేకపిల్లని చంకనెత్తుకున్న ముసలమ్మ.
"దీనికీ ఈత రాదు, నాకూ రాదు" అంటూ
అందరికంటే ముందు నడిచింది.
నీళ్ళు పిక్కల దాకా.
అడుగున నా కాలివేళ్ళు నాకే కనిపిస్తున్నాయి,
ఇసక మీద పది కొత్త ముఖాలు.

వెనక నుంచి దానయ్య గొంతు:
"ఈ మేటుంది చూశారా, పాతికేళ్ళకి లంకవుద్ది.
మా మనవలు పొగాకేస్తారు."

నిజమే.
ధవళేశ్వరం దాటాక నది
ఎక్కడ లోతు వదులుకుందో అక్కడొక ఊరు.
మా అరటితోట, మా ఇంటి పునాది,
అమ్మని కాల్చిన ఆ బూడిద రంగు నేల,
అంతా మొయ్యలేక నది కిందికి దించిన బరువే.

అమ్మ.
అమలాపురం ఆసుపత్రిలో పదకొండు రోజులు.
నేను కిటికీ దగ్గర గంభీరంగా నిలబడ్డాను.
ఎంత లోతుగా బాధపడుతున్నానో నర్సుకి కూడా తెలిసింది.
వీర్రాఘవులు వచ్చేవాడు సాయంత్రాలు.
చేతిలో ఇడ్లీ పొట్లం, నోట్లో అదే జోకు,
దున్నపోతుకి కరెంటు బిల్లు వచ్చిన జోకు.
అమ్మ ఆక్సిజన్ మాస్కులోంచి నవ్వేది,
ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు.
పోయే ముందురోజు
"రాఘవులు రాలేదా?" అంది.
నేను పక్కనే ఉన్నాను.

అవతలి ఒడ్డుకి చేరేసరికి కాగితం తడిసిపోయింది.
'అతడు' చెరిగిపోయాడు,
'మనిషి' ఒక్కటే మిగిలింది.
ఇసక మీద గొంతుకూర్చుని కింద రాశాను:
'పంటు ఆగిన చోట గోదారి ____ ఉంది.
ముసలమ్మ మేకతో సహా దాటింది.'

ఖాళీలో ఏం పెట్టాలో తెలియలేదు.
తిరుగు పంటు ఐదింటికి.
దానయ్యని మళ్ళీ అడగాలి.
ముందు వీర్రాఘవులికి ఫోను చేసి
ఆ దున్నపోతు చివరికి
బిల్లు కట్టిందో లేదో కనుక్కోవాలి.
నేనెప్పుడూ పూర్తిగా వినలేదు.